కంచెకు కట్టిన దొంగ సీసాలు

నల్లమల అంచున చేను ఉన్నవాడికి అడవి పందులతో తీరని తగవు ఉంటుంది. గిద్దలూరుకూ కొమరోలుకూ మధ్య ఉన్న మా ఊళ్ళలో ఆ తగవుకు రెండు ఉపాయాలు కనిపెట్టారు. ఒకటి, చేను చుట్టూ పాత చీరలు కట్టడం. రెండోది, పురుగుమందు అయిపోయాక మిగిలిన ఖాళీ సీసాలను తాడుకు గుచ్చి కంచె పొడవునా వేలాడదీయడం. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. ఆ చప్పుడుకు పందులు బెదిరిపోతాయని మా నమ్మకం. పందుల అభిప్రాయం ఎవరూ అడగలేదు. మనుషులు మాత్రం ఆ సీసాల దగ్గర ఆగుతారు. ఆగి, చదువుతారు.

పక్కవాడి పైరు బాగుంటే గట్టు మీద పోయే రైతు ముందు ఆకు చూడడు, కంచె చూస్తాడు. ఏ మందు కొట్టాడు, ఎన్నిసార్లు కొట్టాడు, దేని తర్వాత దేనికి పోయాడు, అన్నీ అక్కడ వేలాడుతుంటాయి. నోరు తెరిచి అడగడం నామోషీ. అడిగినా నిజం చెబుతారన్న నమ్మకం లేదు. సీసా అబద్ధం ఆడదు కదా అని మావాళ్ళ ధీమా. ఆ ధీమాను పాడుచేసిన మనిషిని నేనే.

సేద్యం నేనూ అలాగే నేర్చుకున్నాను. నాయన పోయి చేను నా చేతికి వచ్చేనాటికి నాకు తెలిసిన పైరు కంది ఒక్కటే. టమాటా నేర్పింది బేస్తవారిపేట దారిలో ఉన్న ఒక పెద్దాయన కంచె. ఆయన ముఖం సరిగ్గా గుర్తులేదు గానీ సీసాలు వరస తప్పకుండా గుర్తున్నాయి. తర్వాత ఒక ఏడు నాకు మంచి కాపు వచ్చింది. అందరి తోటలూ వానకు దెబ్బతింటే నాది తప్పించుకుంది, ఎందుకంటే ఆలస్యంగా నాటాను. ఆలస్యంగా ఎందుకు నాటానంటే మోటారు కాలిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరు నా కంచె చదివి, అదంతా నా మందుల తెలివి అనుకుంది. నేను కాదనలేదు. కొన్నాళ్ళకు నేనూ అదే నమ్మాను.

ఆ మరుసటి ఏడాది నుంచి పాముపొడ పట్టుకుంది. టమాటా ఆకు మీద తెల్లటి వంకర గీతలు పడతాయి, ఇసుకలో పాము పాకినట్టు. అందుకే ఆ పేరు. గీత చివర, ఆకు లోపల, ఆవగింజలో సగం కూడా లేని పురుగు ఉంటుంది. తల్లి ఒక చిన్న ఈగ. అది ఆకులో గుడ్డు పెడుతుంది. పిల్ల ఆకు పైపొరకూ కింది పొరకూ నడుమ సొరంగం తవ్వుకుంటూ పచ్చదనమంతా తినేస్తుంది. ఇల్లూ తిండీ ఒకటే అయిన అదృష్టవంతురాలు.

ఆకును చొక్కా జేబులో పెట్టుకుని గిద్దలూరు పోయేవాణ్ణి. మా దగ్గర అది ఆచారం. జబ్బు మనిషిని ఆసుపత్రికి తీసుకుపోయినట్టు ఆకును మందుల దుకాణానికి తీసుకుపోవాలి. దుకాణదారు నాకు వరసకు ఏమీ కాడు, అయినా అందరికీ మామే. ఆకును వెలుతురుకు పట్టి, వైద్యుడిలా పెదవి విరిచేవాడు.

"పోయినసారి మందుకు చావలా మామా."

"చావక ఏం చేస్తది. నువ్వు సరిగ్గ కొట్టుండవు."

"ఆకు తడిసి నీళ్ళు కారేదాక కొట్టినా."

"అయితే దాంట్లో ఇది కలుపు అల్లుడా. కొత్తగ వచ్చింది."

అలా మొదట నీలం మూత సీసా వచ్చింది. తర్వాత ఎర్ర మూతది, ఆ తర్వాత బంగారు రంగు మూతది. మొదటి ఏడు ఒక్కసారి కొడితే పురుగు అణిగింది. రెండో ఏడు పది రోజులకొకసారి కొట్టాను. నేను చెప్పబోయే ఏడు, మూడు సీసాల మందూ ఒకే ట్యాంకులో కలిపి నాలుగు రోజులకొకసారి కొడుతున్నాను. పురుగు దాన్ని మనం ఆవకాయ తిన్నట్టు తింటోంది.

నా చేనుకు ఆనుకుని ఉన్న అరెకరం వదినది. వరసకు వదిన. రక్తసంబంధం వెతికితే దొరకదు. వాళ్ళది గొర్రెలు కాచే ఇల్లు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె తన మొగుడితో, అంటే నేను అన్నా అని పిలిచే ఆయనతో కలిసి మంద వెనక ఈ కొండవారనే తిరిగింది. ఆ ఏడు వాళ్ళ చేలో బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. నీళ్ళు చూసిన రోజే ఆమె టమాటా వేస్తానంది. అన్న కంది వేద్దామన్నాడు. ఆ పంచాయితీ గట్టు మీద, నా ఎదుటే తెగింది.

"సరే, ఈ ఒక్క పైరు నీది," అన్నాడు అన్న. "నిలబెట్టుకుంటే చేను నీ ఇష్టం, నేను మళ్ళా నోరెత్తను. పురుగు పాలైందనుకో, మందను దాంట్లోకి తోల్తా. నువ్వు కర్ర పట్టుకొని మళ్ళా నా ఎనక రావాల."

"ఇరవై ఏండ్లు నీ గొర్రెల తోకలు చూసినా. ఇంక సాలు," అంది వదిన. "విన్నావు కదా మరిదీ. ఈయన మాట మారిస్తే నువ్వే సాక్షి."

నేను పెద్దమనిషిలా తలూపాను.

నారు నాటిన మర్నాటి నుంచి అన్న రోజూ పొద్దున మందను కొండకు తోలుకుపోతూ ఆమె గట్టు దగ్గర కాసేపు నిలిపేవాడు.

"ఏంది, ఈడ నిలబెట్టినావు?" అనేది వదిన.

"నేను నిలబెట్టలా. అవే నిలబడినాయి. వాటి బువ్వ యాడ కాస్తుందో వాటికి వాసన తెలుస్తది."

"ఆ వాసన నీదే. పోయి నీళ్ళు పోసుకో."

వదినకు నా కంచె మీద గొప్ప నమ్మకం. నా ముందే నిలబడి, సీసాలు తిప్పి తిప్పి చూసి, బొమ్మలు గుర్తుపెట్టుకునేది. "నీ కంచె ఉన్నన్ని దినాలు నాకు భయం లేదు మరిదీ," అనేది. ఆ మాటకు నేను పొంగిపోవాల్సింది. పొంగేవాణ్ణే, ఆ బస్సు ప్రయాణం లేకపోతే.

ఒకరోజు గిద్దలూరు నుంచి కొమరోలు బస్సులో వస్తున్నాను. సంచిలో మూడు సీసాలు, జేబులో ఆకు. వదిన వెనక సీట్లో ఉన్నట్టు చూసుకోలేదు.

"మరిదీ, ఆ జేబులో ఆకు మళ్ళా ఎనక్కి తెస్తుండావే?"

"పారేసేది మర్చిపోయినా వదినా."

"దాంట్లో పురుగు బతికుండాదా?"

జేబులోంచి తీసి చూశాను. గీత చివర అది కులాసాగా కదులుతోంది. ఆకును మళ్ళీ జేబులో దాచబోయాను.

"చూసినారా," అంది వదిన, బస్సు మొత్తానికి వినబడేటట్టు. "మా మరిది పురుగును గిద్దలూరు తోలుకపోయి, బజారంతా తిప్పి చూపించి, మళ్ళా భద్రంగ ఇంటికి తోలుకొస్తుండాడు. పొద్దున పోయినప్పటికన్నా ఇంత లావైంది."

"దానికి టికెట్టు తీసినాడా అక్కా?" అన్నాడు కండక్టర్.

"ఆకులో కూర్చుండాది, సీటు అడగలేదు కదయ్యా."

బస్సు కొమరోలు దాకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ, ఇల్లు చేరేసరికి నా బుద్ధి లోలోపల వంకర గీతలు గీయడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే కంచె మీది అసలు సీసాలన్నీ విప్పి, గోతంలో వేసి, మోటారు గదిలో దాచాను. వాటి చోట జిగురు మందు సీసాలు కట్టాను. జిగురు మందు పురుగుమందు కాదు. టమాటా ఆకుకు నూగు ఉంటుంది, మందునీళ్ళు జారిపోతాయి. జారకుండా పట్టుకోవడానికి ట్యాంకులో కాస్త కలుపుతామే, ఆ జిగట ద్రావకం. దాన్ని ఒక్కదాన్నే కొట్టడం అంటే కూర లేకుండా వట్టి తాలింపు వడ్డించడం. కానీ సీసా చూడటానికి దర్జాగా ఉంటుంది. పెద్ద పచ్చటి ఆకు బొమ్మ, దాని మీద మెరిసే చుక్క, ఇంగ్లీషు అక్షరాలు.

వారంలో ఆమెకు తెలిసిపోతుందనీ, ఏ దుకాణంవాడో నవ్వుతాడనీ, ఈసారి బస్సులో నా వంతు వస్తుందనీ అనుకున్నాను. అంతకుమించి చెడు ఆలోచించలేదు. ఈ మాట నన్ను కాపాడుకోవడానికి చెప్పడం లేదు. అంతకుమించి అసలు ఏమీ ఆలోచించలేదు, అదే నా తప్పు.

నేను మందు మార్చాననుకుని, రెండు రోజులకు వదిన కొమరోలు పోయి ఆ సీసాలు కొనుక్కొచ్చింది. దుకాణంలో అడిగారట, "దీంట్లోకి ఏం మందు కలుపుతావక్కా?" అని.

"నా చేను గుట్టు నీకెందుకు, అడిగింది ఇయ్యి అని గట్టిగ చెప్పినా," అని ఆమె నాకు గర్వంగా చెప్పింది. "నువ్వు కొట్టే మందు నా నోట వస్తే రేపు ఊరంతా కొడ్తది. నీకు ద్రోహం చేస్తానా మరిదీ?"

అప్పుడు చెప్పాల్సింది. నాలుక చివరి దాకా వచ్చింది. "మంచి పని చేసినావు వదినా," అన్నాను.

నెల తిరక్కుండానే పాముపొడ నా చేను నుంచి గట్టు దాటి ఆమె చేలోకి చుట్టపుచూపుగా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆమె వారం వారం శ్రద్ధగా జిగురు నీళ్ళు కొడుతోంది. ఆకులు నిగనిగలాడుతున్నాయి, ఆ నిగనిగల మీద తెల్లటి గీతలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. రోజూ పొద్దున తట్ట పట్టుకుని చాలు వెంట చాలు వంగి, గీతలు పడ్డ కింది ఆకులు గిల్లి, తీసుకుపోయి గుంతలో పూడ్చేది. పురుగును చేత్తో ఏరి సేద్యం చేస్తుందట అని నేను నా గట్టు మీద నుంచి, పదిహేను లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని, నవ్వుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె నా గట్టు దగ్గరికి వచ్చింది. ఎగతాళి లేదు.

"మరిదీ, ఒక మాట నిజం చెప్పు. నువ్వు కొట్టేది ఇదేనా?"

"ఇదే వదినా."

"ఇదొక్కటేనా? దీంట్లోకి ఇంకేమన్నా కలపాల్నా?"

నా కళ్ళలోకి చూసే అడిగింది. నేను ఆమె కళ్ళలోకి చూసే చెప్పాను. "ఏం అక్కర్లే. నిదానంగ పనిచేసే మందు. ఓపిక పట్టు."

"పడతా. మీ అన్న రోజూ మందను గట్టున నిలబెడ్తుండాడు. ఆయన నగుతాడు, నేనూ నగుతా. కానీ ఆ గొర్రెలు నా చేను దిక్కు చూస్తుంటే నాకు భయం. మళ్ళా కర్ర పట్టేది నా వల్ల కాదు మరిదీ. మోకాళ్ళు పోయినాయి. చేను చేజారితే ఇంక మళ్ళా రాదు నాకు."

నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలు వరసగా నిలబెడితే మంద కంటే పొడవుంటాయి. వాటిలో ఆ రోజు ఆడినదానికే నేను ఎక్కువ సిగ్గుపడతాను. బుద్ధి ఉన్నవాడు అప్పుడైనా ఒప్పుకునేవాడు. నేను పిరికివాణ్ణి. అందుకని ఇంకో దారి వెతికాను, దొంగతనంగా మేలు చేయడం.

వాళ్ళిద్దరూ బేస్తవారిపేటలో పెళ్ళికి పోయిన రోజు, పట్టపగలు, ట్యాంకు వేసుకుని వదిన చేలో దిగాను. మూడు మందులూ కలిపాను. నా చేనుకు కొట్టే మోతాదు కంటే ఎక్కువ పోశాను, నా పాపం ఎక్కువ కదా అని. నా గట్టు పక్కనున్న నాలుగు చాళ్ళు కొట్టేసరికి మందు అయిపోయింది. ఎంతో పుణ్యం చేసినవాడిలా ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

మూడు రోజులకు ఆ నాలుగు చాళ్ళ ఆకులు అంచుల్లో మాడాయి. మూడు వారాలకు ఇంకో వింత జరిగింది. వదిన చేను కోలుకోవడం మొదలుపెట్టింది. కొత్త ఆకులు గీతల్లేకుండా వస్తున్నాయి, పూత నిలబడింది, పిందెలు కనబడుతున్నాయి. నేను పుణ్యం చేసిన నాలుగు చాళ్ళు మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఇవతల నా చేను మొత్తం అదే సున్నం.

"ఈ నాలుగు చాళ్ళకు ఏం రోగం మరిదీ? మందు అన్నిటికీ ఒకేతీరు కొట్టినా," అంది వదిన.

"నా గట్టు పక్క కదా, నా పురుగు దూకుంటది," అన్నాను.

అంత కళ్ళ ముందు కనబడుతున్నా నాకు తట్టింది ఒక్కటే. మోతాదు చాలలేదు. ఇంకో వారానికి, ఆమె అన్నానికి ఇంటికి పోయిన సమయం చూసి, ఆ నాలుగు చాళ్ళకు రెండోసారి కొట్టాను.

అంతకు ముందు రోజే నా చేను సంగతి భరించలేక ఆకు పట్టుకుని మా ఊరి వ్యవసాయ సహాయకురాలి దగ్గరికి పోయి ఉన్నాను. ఆకును దుకాణానికి కాకుండా ఇంకో చోటికి తీసుకుపోవడం నాకు అదే మొదలు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. వచ్చి చూస్తానంది. నేను రెండోసారి మందు కొట్టిన మర్నాడు పొద్దున స్కూటీ మీద వచ్చింది.

గట్టు మీద కూర్చుని, నా చేలో ఆకు ఒకటి తెంపి, గుండుసూదితో గీతను చీల్చి, భూతద్దంలో చూసింది. నాకూ చూపింది. పసుపుపచ్చటి పురుగు, చక్కగా బలిసి, చీల్చినందుకు విసుక్కుంటున్నట్టు మెలికలు తిరుగుతోంది.

"ఏం మందులు కొట్టినారు చిన్నాయనా? సీసాలు ఉంటే చూపించండి."

వదిన తన చేలో అటు చివర ఉందని చూసుకుని, మోటారు గదిలోంచి గోతం తెచ్చి మూడు సీసాలు బయటపెట్టాను. ఆ అమ్మాయి మూతలు చూడలేదు. సీసా తిప్పి అడుగున చిన్న అక్షరాలు చదివింది.

"ఈ మూడూ ఒకటే."

"కాదమ్మా, మూడు కంపెనీలు."

"కంపెనీలు మూడే. లోపల మందు ఒకటే. ఒకే మనిషి మూడు చొక్కాలు మార్చుకుని మీ ఇంటికి వచ్చినట్టు. మూడేండ్లుగ అదే మందు కొడ్తుంటే, దానికి తట్టుకునే పురుగులే బతికి, వాటి పిల్లలే మిగిలినాయి. ఇప్పుడు మీ చేలో ఉన్నవన్నీ ఆ వంశమే."

అంటే పురుగుల్లో గట్టివాటిని ఏరి, బలహీనమైన వాటిని చంపి, మంచి జాతి పెంచింది నేనే. అన్న కూడా తన పొట్టేళ్ళను అంత శ్రద్ధగా ఎంపిక చేయడు.

ఇంతలో వదిన గట్టు ఎక్కుతూ కనిపించింది. మూడు సీసాలూ గోతంలో తోసి, దాని మీద కూర్చున్నాను.

"నా ఆకు కూడ చూడు పాపా," అంది వదిన, రెండు గీతలున్న ఆకు ఒకటి ఇస్తూ.

ఆ అమ్మాయి చీల్చి చూసి, ఇంకోసారి చూసింది. "పెద్దమ్మా, దీంట్లో పురుగు చచ్చిపోయుంది. పక్కన నల్లగ చుక్కంత ఉంది చూడండి. అది కందిరీగ జాతి పిల్ల. దీని తల్లి చీమ తలకాయంత ఉంటుంది. ఆకు లోపల పురుగును వెతికి దాని మీద గుడ్డు పెడుతుంది, పుట్టిన పిల్ల పురుగును తినేస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది ఆ తల్లే, బయట తిరుగుతుంది కాబట్టి. పురుగేమో లోపల తలుపేసుకుని కూర్చుంటుంది. మీ చేలో ఇవి దండిగ ఉన్నాయి. మీరేం కొట్టినారు?"

"మా మరిది కొట్టేదే," అంది వదిన, నా వైపు చూపించి. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. "ఆయన కంచె చూసే కొట్టినా. ఓపిక పట్టమన్నాడు, పట్టినా."

ఆ అమ్మాయి తల తిప్పి నా కంచె చూసింది. సీసాల మీద పేరు చదివింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత నేను కూర్చున్న గోతాన్ని చూసింది. ఆమె నోరు తెరవబోతుండగా మంద వచ్చింది.

అన్న ఎప్పటిలాగే గట్టు దగ్గర గొర్రెలను నిలిపి, చేనంతా ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిలబెట్టినావు," అన్నాడు చివరికి, పంటి నొప్పి ఉన్నవాడిలా.

"నోరెత్తనన్నావు."

"ఎత్తను. ఆ నాలుగు చాళ్ళు మాత్రం పోయినాయి కదా."

"పోయినాయి," అంది వదిన. ఆమెకు ఆ రోజు లోకం మీద దయగా ఉంది. "నీ గొర్రెలు ఇన్ని దినాలు కాచుకొనుండాయి, పాపం. ఆ నాలుగు వాటికే. తోలు."

అన్న కర్ర ఎత్తి అదిలించాడు. మంద కదిలింది.

నేను గోతం మీద నుంచి ఎలా లేచానో తెలియదు. చేతులు బార్లా చాపి మందకు ఎదురు పరిగెత్తాను. ముందున్న పొట్టేలు అప్పటికే ఒక కొమ్మ అందుకుంది. దాని దవడ పట్టుకుని, నోట్లో వేలు పెట్టి, కొమ్మ బయటికి లాగాను. అది నన్ను కొమ్ముతో పక్కకు తోసింది. టమాటా చాలులో కూలబడ్డాను.

"ఏందిరా, పిచ్చి లేసిందా?" అన్నాడు అన్న.

"మందు కొట్టినా అన్నా. నిన్న మధ్యాహ్నం. మూడు రకాలు. తింటే చస్తాయి."

"ఎవురి చేలో కొట్టినావు?"

"ఈ చేలోనే."

అన్న రెండు అంగల్లో మందను వెనక్కి మళ్ళించి గట్టు అవతలికి తోలాడు. ఆ తర్వాత ముగ్గురూ నన్ను చూస్తూ నిలబడ్డారు. కూలబడ్డ చోటనే కూర్చుని అంతా చెప్పాను. వెనక నుంచి ముందుకు చెప్పాను, ఆ వరసలోనే వచ్చింది. నిన్నటి మందు, పెళ్ళి రోజు మందు, ఓపిక పట్టమన్న మాట, జిగురు సీసాలు, చివరికి బస్సు.

ముందు నవ్వింది అన్న.

"అంటే ఈమె ఇన్ని దినాలు కొట్టింది వట్టి జిగురు నీళ్ళా? సేద్యం చేసినావు తల్లీ. ఆకులకు బంక పూసినావు. ఇంక నిలబెట్టింది ఏముంది, గాలివాటుకు నిలబడింది."

వదిన ముఖం చూశాను. గొర్రెలను కాపాడానని అనుకుంటున్న నేను, ఆమె చేను ఆమె చేతిలో నుంచి లాగి అన్న చేతిలో పెట్టానని అప్పుడు అర్థమైంది. పురుగు చేయలేని పని నా నిజం చేయబోతోంది.

ఆమె నా వైపు తిరగలేదు. అన్న వైపే తిరిగింది.

"బంకే పూసినా. రోజూ పొద్దున నడుము ఇరిగేటట్టు వంగి ఆకు ఆకు ఏరింది ఎవురు? నువ్వు గొర్రెలను నిలబెట్టి పండ్లు ఇకిలిస్తుంటే, పైరు పీకెయ్యకుండ నిలబడింది ఎవురు? మందులు తెలిసినాయన కొట్టిన నాలుగు చాళ్ళు ఇవి. మందు తెల్వని నేను చేసిన చేను అది. యాడ నిలబడిందో నీ గొర్రెలనడుగు, వాటికి వాసన తెలుస్తది కదా."

"పెద్దమ్మ ఏరిన ఆకుల్తోనే సగం పురుగు పోయింది పెదనాయనా," అంది ఆ అమ్మాయి, భూతద్దం సంచిలో పెట్టుకుంటూ. "మిగతా సగం ఈ కందిరీగలు చూసుకున్నాయి. అది గాలివాటు కాదు."

అన్న నాలుగు చాళ్ళనూ చేనునూ మార్చి మార్చి చూశాడు, సంతలో రెండు పొట్టేళ్ళను బేరీజు వేసేవాడిలా.

"మాట మాటే," అన్నాడు. "చేను నీదే."

అప్పుడు వదిన నా దగ్గరికి వచ్చింది. తిట్లకు సిద్ధపడ్డాను. తిడితే బాగుండేది.

"నీ కండ్లల్లోకి చూసి అడిగినా కదా మరిదీ," అంది. అంతే. ఆ తర్వాత ఆ సంగతి నాతో ఎత్తలేదు.

ఆ నాలుగు చాళ్ళు నేనే పీకాను. ఎండలో, ఒక్కణ్ణే, వేళ్ళతో సహా. దూరంగా గుంత తవ్వి పూడ్చాను. రెండు వారాలు జీవాలను ఆ గట్టు వైపు రానివ్వొద్దని సహాయకురాలు చెప్పింది. మంద కొండకు పోయే దారి ఆ గట్టు మీదనే. చుట్టూ తిరిగి తారురోడ్డు దాటించి తీసుకుపోవాలి. రోడ్డు దాటించాలంటే వెనక రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషి వదిన కాదని అందరికీ తెలుసు. ఎవరూ నన్ను అడగలేదు. మర్నాడు పొద్దున అన్న ఇంటి ముందుకు వచ్చి, ఒక కర్ర నా చేతికిచ్చి నడిచాడు.

మూడో రోజు కొండవారన బండ మీద కూర్చున్నాక, గొర్రెల వైపు చూస్తూ అన్నాడు.

"నాకు కంది మీద మోజేం లేదురా."

"మరెందుకన్నా అంత పట్టు పట్టినావు?"

"ఇరవై ఏండ్లు ఆమె తిడ్తుంటే వింటా నడిచినా. గొర్రెలు నిదానమని తిట్టేది, ఎండని తిట్టేది, మా అమ్మను తిట్టేది. పొద్దు ఎట్ల గడిచేదో తెలిసేది కాదు. ఆమె చేను పట్టుకున్నాక ఈడ గొర్రెల అరుపు తప్ప ఇంకోటి లేదు. గట్టు కాడ మందను నిలబెట్టేది దేనికనుకుంటివి? నాలుగు మాటలు పడతాయని."

"నేను మాట్లాడతాలే అన్నా, ఈ రెండు వారాలు," అన్నాను.

"నువ్వు మాట్లాడతావు. దాంట్లో ఎంత నిజమో ఎవురికి తెలుసు. ఆమె తిడితే అంతా నిజమే ఉంటది."

మొదటి కోత రోజు మేము కొండవార నుంచి చూశాం. కింద ఆమె చేలో నలుగురు ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు, గట్టు మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి. నా చేను పక్కనే, అప్పటికి దున్నేసిన నేల. వదిన నడుము ఎత్తి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా వైపు చూసింది. తర్వాత అరిచింది.

"ఓ గొర్రెలాయనా, ఆ మూలది కుంటుతుంటే కనపడలా? కండ్లు యాడ పెట్టుకున్నావు? ఆ పక్కనోడు చెప్తాడనుకుంటుండావా, వాడికి ముందే కనపడదు."

అన్న కదలకుండా నిలబడ్డాడు. మంద ఆగింది. నేనూ కర్ర ఆనించి ఆగాను. గాలి మా వైపే వీస్తోంది, ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. ఆమె మళ్ళీ వంగి కాయలు కోసుకునేదాకా ఇద్దరం అక్కడే నిలబడి విన్నాం. ఆ తర్వాత పోయి, కుంటుతున్న గొర్రెను పట్టుకుని, కాలిలో ముల్లు తీశాం.